సవరణ: లెవెలింగ్ కిట్ గురించి నేను తప్పు చెప్పినవి

పికప్ ముందు భాగాన్ని వెనక భాగంతో సమానంగా ఎత్తే లెవెలింగ్ కిట్ గురించి రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

ముందు రెండంగుళాలు లేవాలంటే రెండంగుళాల స్పేసర్ (ఎత్తు పెంచడానికి మధ్యలో పెట్టే ముక్క) వేయాలన్నాను. కాదు. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైన పెట్టే స్పేసర్‌కి లెక్క వేరు. స్ట్రట్ కింది కొస చక్రం దగ్గర ఉండదు, చక్రాన్ని బండి ఛాసిస్‌కి కలిపే కంట్రోల్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది. అక్కడ ఒక అంగుళం జరిగితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు కదులుతుంది. నా మాట నమ్మి రెండంగుళాల ముక్క పెడితే బండి ముక్కు ఆకాశం చూస్తుంది; చక్రాన్ని కంట్రోల్ ఆర్మ్‌కి కలిపే బాల్ జాయింట్లు, ఇంజన్ శక్తిని చక్రానికి అందించే సీవీ జాయింట్లు ఉండాల్సిన కోణం దాటి త్వరగా అరిగిపోతాయి.

అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తర్వాత చూసుకోవచ్చన్నాను. అదీ తప్పే, వెంటనే చేయించాలి. ఎత్తు మారగానే క్యాంబర్ (చక్రం పక్కకు వంగే కోణం), టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారి టైర్ల అంచులు అరుగుతాయి. హెడ్‌లైట్లు కూడా కాస్త దించండి, ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

పెద్ద టైర్లకు చోటు దొరుకుతుందన్నది మాత్రం నిజమే. కానీ పికప్ వెనక భాగం ఎత్తుగా ఉండేది బరువు వేస్తే దిగుతుందనే. లెవెల్ చేసి ట్రైలర్ తగిలిస్తే వెనక కూర్చుని ముందు లేస్తుంది, స్టీరింగ్ తేలిపోతున్నట్టు ఉంటుంది. తరచూ లోడు లాగేవాళ్లకు నేనైతే వద్దనే అంటాను.