అలకపాన్పు దిగని డానా 60 గారికి

మహారాజశ్రీ డానా 60 వెనుక ఆక్సిల్ వారి సముఖానికి, మిషిగన్‌లోని ఒక గ్యారేజీ నుంచి తమ విధేయుడు నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి. ఇందులో నా వైపు కుశలమన్నది మర్యాద కోసం రాసిన మాట.

నా కారు వెనుక చక్రాలను తిప్పడానికి పాత ఆక్సిల్ స్థానంలో తెచ్చుకున్న తమరు నా గ్యారేజీలో రెండు ఇనుప స్టాండ్ల మీద ఆసీనులై నేటికి నాలుగు నెలలు నిండాయి. మన పెళ్ళిళ్ళలో అల్లుడు అలకపాన్పు ఎక్కితే ఉంగరమో, మోటారు సైకిలో పుచ్చుకుని దిగుతాడు. తమరు అంగుళంలో వెయ్యో వంతును కొలిచే డయల్ గేజీ అడిగారు, ఇచ్చాను. అంగుళ-పౌండ్ల లెక్కన కొలిచే టార్క్ రెంచి అడిగారు, అదీ ఇచ్చాను. పోత ఇనుప హౌసింగును వెంట్రుకవాసి మాత్రమే సాగదీయవలసిన, అంతకు మించితే శాశ్వతంగా వంచేసే స్ప్రెడరును కూడా అప్పు చేసి సమర్పించుకున్నాను. అయినా తమరు దిగలేదు.

తప్పు నాదే, వంశం చూసి సంబంధం కలుపుకున్నాను. 1904లో క్లారెన్స్ స్పైసర్ యూనివర్సల్ జాయింట్లతో ప్రారంభించి, 1946లో చార్లెస్ డానా పేరు పెట్టుకున్న కంపెనీ తమ పుట్టిల్లు. తొమ్మిదీ ముప్పావు అంగుళాల రింగ్ గేరు, అంటే చక్రాలను తిప్పే పెద్ద పళ్ళచక్రం, తమ ఒంటి మీద నగ. 1966 నుంచి నాలుగు గేర్ల మాన్యువల్ గేరుబాక్సుతో, 426 ఘనపు అంగుళాల హెమీ ఇంజిన్‌తో వచ్చిన కార్ల కింద, 425 అశ్వశక్తి ఒక్కసారిగా తన్నినా పళ్ళు రాలకుండా నిలబడ్డ చరిత్ర తమది. నా 1969 ప్లిమత్ రోడ్ రన్నరులో ఉన్నది ఆటోమేటిక్ గేరుబాక్సుతో, 335 అశ్వశక్తితో నడిచే 383 ఇంజిన్. దాని కింద ఫ్యాక్టరీ బిగించిన ఎనిమిదీ ముప్పావు అంగుళాల ఆక్సిల్ ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు.

ఆ పాత ఆక్సిల్ ఎంత మర్యాదస్తురాలో తమరి పరిచయం అయ్యాకే తెలిసింది. దాని డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల అమరిక, మొత్తం ముందువైపు నుంచి ఊడి వచ్చి బల్ల మీద కూర్చునేది. గేర్ల పళ్ళ మధ్య ఖాళీ, అదే ప్లే, ఎక్కువైతే రెండు పక్కలా ఉన్న మరల్ని కాస్త తిప్పితే చాలు, సర్దుకునేది. తమరికి ఆ మరలు లేవు, షిమ్ములనే పల్చటి లోహపు రేకులున్నాయి. అవి కూడా చేతికందే చోట కాక, బిగుతుగా కూర్చున్న బేరింగుల వెనుక దాక్కుని ఉంటాయి. తమరు కోరే ప్లే అంగుళంలో వెయ్యో వంతులు 4 నుంచి 9 వరకు. నాకు 12 వచ్చింది. అంటే బేరింగు టోపీలు విప్పి, ఏ పక్కది ఆ పక్కకే చేరేలా వాటి మీది అక్షరాలు చూసుకుని, రుబ్బురోలంత బరువున్న డిఫరెన్షియల్‌ను పొట్టకు ఆనించుకుని బయటికి తీసి, పుల్లరుతో బేరింగు లాగి, సిగరెట్టు కాగితంలాంటి షిమ్మును ఇటు నుంచి తీసి అటు వేసి, మళ్ళీ అన్నీ బిగించి కొలవాలి. కొలిస్తే 3 వచ్చింది. లోపలి అంచు అరగదీసిన పాత బేరింగులైతే ఈ సర్దుబాట్లప్పుడు చేత్తోనే జారి వస్తాయన్న కిటుకు, మూడో జత కొత్త బేరింగులు పుల్లరు కింద చితికిపోయాక తెలిసింది.

ఇక జాతకం సంగతి. రింగ్ గేరు పళ్ళకు పసుపురంగు ముద్ద పూసి, గేరును కాసేపు అటూ ఇటూ తిప్పి, పడిన ముద్రను టార్చిలైటుతో చదవాలి. ముద్ర పంటి మొదట్లో పడితే, రింగ్ గేరును తిప్పే చిన్న గేరైన పినియన్ మరీ లోపలికి వచ్చినట్టు, కొసన పడితే మరీ వెనక్కి ఉన్నట్టు. నడిమిన పడితే శుభం. పినియన్ తల మీద చెక్కిన +2 అనే అంకెను నేను మొదట అదృష్ట సంఖ్య అనుకున్నాను. షిమ్ములో వెయ్యో వంతులు రెండు తగ్గించమని దాని అర్థమట. దాన్ని పెంచి కూర్చున్నాను. ఆ షిమ్ము ఉండేది హౌసింగు లోపల, బేరింగు గిన్నె కింద కనుక, గిన్నెను ఇత్తడి కడ్డీతో కొట్టి ఊడదీసే శుభకార్యానికి వీధి వీధంతా సాక్షి.

పాత గేరు ఆయిలు వాసన గురించి రాయను. నా చొక్కాలు ఇంట్లోకి రావడం మానేసి రెండు నెలలైంది.

ఇంతా చేసి మన ప్రయాణం ఎక్కడికి? ఆదివారం ఉదయం కాఫీకి, ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్‌కి. అక్కడ లైటు పడగానే టైర్లు పొగలు కక్కేలా తన్నుకుపోయేవారు కాదు, నత్తతో పోటీ పడేవారే ఎక్కువ. కారు కింద తమరి బలం ఎంతుందో చూపాలంటే నేను కారు ముందుకు కాక పైకి లేపాలి. దానికి తోడు పినియన్ 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరిగే తమ 4.10 నిష్పత్తి వల్ల హైవే మీద 60 మైళ్ళకే ఇంజిన్ మూడు వేల చుట్లు తిరుగుతుంది, పక్క సీట్లో ఉన్నవారితో సైగలతో మాట్లాడాలి.

ముద్ర నిన్న రాత్రి నడిమికి వచ్చింది. ప్లే 7 దగ్గర నిలిచింది. కొత్త ఆయిలు, తమ డిఫరెన్షియల్ లోపలి క్లచ్చు పలకల కోసం చిన్న సీసాలోని ద్రవం సిద్ధంగా ఉన్నాయి. రేపు తమరు కారెక్కాక ఏ 50 మైళ్ళ దగ్గరో సన్నగా మూలుగు వినిపిస్తే, గ్యారేజీ మూలన దుప్పటి కప్పుకుని ఉన్న ఆ ఎనిమిదీ ముప్పావును నేనింకా అమ్మలేదని మనవి చేసుకోవడానికే ఈ లేఖ.

ఇట్లు,
తమ విధేయుడు, షిమ్ముల పొట్లాల పోషకుడు