లైటు ఎంత బరువైతే అంత వెలుగు

ఫంక్షన్లకు తిరిగే డీజేలు లైట్లు ఎలా కొనాలన్న విషయంలో లోకంలో చాలా అజ్ఞానం పేరుకుపోయింది. హాలు ఎంత, ప్లగ్గులెన్ని, మెట్లెన్ని అని ముందే లెక్కలేసే అమాయకులు ఇంకా ఉన్నారు. వాళ్ల మేలు కోరి ఈ నాలుగు ముక్కలు.

లైటు ముందు బరువుగా ఉండాలి. ఒక్క చేత్తో ఎత్తగలిగే, కదలకుండా ఒకేవైపు రంగు వెలుగు పోసే ఎల్ఈడీ పార్ లైటుకు మర్యాద ఎక్కడిది? అదే ఇద్దరు మోస్తుంటే మూడోవాడు "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ వెనక నడిచే మూవింగ్ హెడ్, అంటే తల తిప్పే లైటు అయితే, స్విచ్ వేయకముందే సగం షో అయిపోయినట్టే. స్టాండు ఎక్కించాక అది కొంచెం ఊగుతుంది. ఊగనివ్వండి. స్టాండు ఎంత బరువు మోస్తుందో దాని డబ్బా మీద రాసే ఉంటుంది, ఆ డబ్బా మనం ఎప్పుడో పారేశాం. లైటు జారితే పట్టి ఆపే సేఫ్టీ కేబుల్ మాత్రం బ్యాగు అడుగున సేఫ్టీగానే ఉంది.

ఇక డీఎంఎక్స్, అంటే ఏ లైటు ఏం చేయాలో వైరు ద్వారా చెప్పే పద్ధతి. ఒక లైనులో 512 ఛానళ్లు. మనం వాడేది మహా అయితే ఎరుపు, నీలం, ఆఫ్. దానికి 120 ఓమ్‌ల కేబుల్ కావాలట, చివరి లైటుకు టర్మినేటర్ అనే చిన్న ప్లగ్గు పెట్టాలట, లేకపోతే సిగ్నల్ తిరిగొచ్చి గందరగోళం చేస్తుందట. మైకు కేబుల్ కూడా లైటు సాకెట్‌లో చక్కగా దూరుతుండగా ఈ పట్టింపులెందుకు? చివరి లైటు దానంతటదే వణికితే ఎఫెక్ట్ అని చెప్పండి.

ఇంత శ్రమ అక్కర్లేదనుకునేవారికి సౌండ్ యాక్టివ్ మోడ్ ఉంది. లైటులోనే చిన్న మైకు ఉంటుంది, వినపడ్డదానికల్లా ఆడుతుంది. పాటకు ఆడితే అందులో గొప్పేముంది? పెద్దాయన మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నప్పుడు చూడాలి. ఖళ్‌మనగానే ఎర్రబడ్డాడు. "ఈ శుభసందర్భంలో" అనేసరికి పచ్చబడ్డాడు. గద్గద స్వరంతో కాసేపు ఆగితే మొత్తం చీకటి. పాపం, జనం ప్రసంగం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అంతటి స్పందన ఆయన జన్మలో చూసి ఉండడు.

టపటపా మెరిసే స్ట్రోబ్ లైటు దగ్గర మాత్రం ఒక్క నిమిషం వేళాకోళం ఆపుతాను. సెకనుకు 3 నుంచి 30 సార్లు కొట్టే మెరుపులు కొందరిలో మూర్ఛ తెప్పించగలవు. ఆ బటన్ మీద వేలు తక్కువగా పెట్టండి. సరే, మళ్లీ మన పనిలోకి.

గాలిలో పొగ లేకపోతే లేజర్ గీత కనపడదు, గోడ మీద చుక్కే మిగులుతుంది. కాబట్టి పొగ మిషన్ కూడా కొనాలి. హాలువాళ్ల స్మోక్ అలారంకు మాత్రం పార్టీ పొగకూ అసలు పొగకూ తేడా తెలియదు. అది మోగితే కంగారుపడకండి, సౌండ్ యాక్టివ్ మోడ్‌కు అంతకంటే మంచి బీట్ దొరకదు.

వెచ్చని తెల్ల లైటు రెండు పెట్టమని ఫోటోగ్రాఫర్ బతిమాలాడు. తెలుపు కూడా ఒక రంగేనా అని నవ్వేశాం. రాత్రంతా ఊదారంగు ముఖాలే తీశాడు. చివరికి మేం వైర్లు చుట్టుకుంటుంటే హాలు అబ్బాయి ట్యూబ్‌లైట్లు వేశాడు. వెళ్లిపోతున్న చుట్టాలను ఫోటోగ్రాఫర్ గుమ్మం దగ్గరే ఆపి, మళ్లీ వరసగా నిలబెట్టాడు.