రెండు అంగుళాల ఎత్తుకు ఆరు నెలల జైలా?

పెట్రోలు బండికి సీఎన్‌జీ కిట్ బిగించుకోవడానికి మన దేశంలో నిబంధన ఉంది. ఇంజిన్ మొత్తం పీకేసి మోటారు, బ్యాటరీ పెట్టుకోవడానికి కూడా ప్రమాణాలున్నాయి. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు ఆ కిట్లను పరీక్షించి ఆమోదముద్ర వేస్తాయి. అదే ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కాస్త పొడవైన స్ప్రింగులు, వాటికి తగ్గ షాకబ్జర్లు వేయించి రెండు అంగుళాలు లేపుకుంటామంటే మాత్రం దారి లేదు. గుండె మార్చుకో, చెప్పులు మాత్రం మార్చకు అన్నట్టుంది వ్యవహారం.

చట్టం సంగతి బండి మోజున్నవాళ్ళందరికీ తెలిసిందే. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, దాని మీద 2019 జనవరిలో కేరళ ఆర్టీఓ కేసులో సుప్రీంకోర్టు తీర్పు, అదే ఏడాది వచ్చిన సవరణ. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అంతగా ప్రచారం కాని ముక్క ఒకటుంది. ఆ సవరణే కేంద్రానికి ఒక అధికారం ఇచ్చింది. ఏ మార్పును ఏ ప్రమాణాలతో, ఏ షరతుల మీద అనుమతించాలో కేంద్రం నిర్దేశించవచ్చు, అలా చేసిన మార్పుకు కంపెనీ వారంటీ కూడా పోదు. తలుపు పెట్టి తాళం వేసి ఉంచారన్నమాట.

తాళం వేస్తే జనం ఆగారా? జిమ్నీ, థార్, గూర్ఖా కొన్నవాళ్ళు లేపిస్తూనే ఉన్నారు. ఎలా లేపిస్తున్నారన్న దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. మార్కెట్లో రెండు దారులున్నాయి. ఒకటి, స్ప్రింగులు, షాకబ్జర్లు, బుష్షులు (అతుకుల్లో కూర్చునే రబ్బరు ముక్కలు) కలిపి లెక్క ప్రకారం తయారైన కిట్. రెండోది స్పేసర్, అంటే పాత స్ప్రింగు మీదో కిందో పెట్టే ప్లాస్టిక్ లేదా అల్యూమినియం దిమ్మ. కిట్ ధరతో పోలిస్తే దీని ఖరీదు చిల్లర. పూటలో పెట్టేస్తారు, ఫిట్‌నెస్‌కో అమ్మకానికో వెళ్ళే ముందు పూటలో తీసేస్తారు. చట్టం దృష్టిలో రెండూ ఒకే నేరం. శిక్ష ఒకటే అయినప్పుడు చవకగా వచ్చేది, సులువుగా దాచగలిగేది ఎవరైనా ఎంచుకుంటారు. అంటే ఈ నిషేధం మంచి పనిని అణచి చెత్త పనికి గిరాకీ పెంచుతోంది.

స్పేసర్ ఎందుకు చెత్తో జిమ్నీతోనే చూద్దాం. దానికి ముందూ వెనకా గట్టి యాక్సిల్, కాయిల్ స్ప్రింగు, పక్కనే విడిగా షాకబ్జర్. స్ప్రింగు మీద దిమ్మ పెడితే బండి లేస్తుంది, షాకబ్జర్ పొడవు మాత్రం పెరగదు. మామూలుగా నిలబడి ఉన్నప్పుడే అది సగానికి మించి సాగిపోయి ఉంటుంది. చక్రం గోతిలోకి దిగాల్సిన చోట షాకబ్జర్ చివరికంటా వెళ్ళి ‘టక్’మని కొట్టుకుంటుంది, చక్రం గాల్లో వేలాడుతుంది. ఆఫ్‌రోడ్ కోసం లేపి, ఆఫ్‌రోడ్‌లో కావలసిన పట్టునే పోగొట్టుకోవడం ఇది. మంచి కిట్ వేసినా జాగ్రత్తలు తప్పవు. ఎత్తు పెరిగితే ముందు యాక్సిల్ కొద్దిగా తిరుగుతుంది, స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, అంటే కాస్టర్, తగ్గుతుంది, స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం మానేస్తుంది. దానికి వేరే బుష్షులు వేయాలి. యాక్సిల్‌ను అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ వల్ల అది కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది, దాన్నీ సరిచేయాలి. బ్రేకు గొట్టాల పొడవు చాలుతుందో లేదో చూడాలి.

ఒక్క బోల్టు చాలు, పనివాడెవరో పట్టేయడానికి. బండి ర్యాంపు మీద చక్రాలు వేలాడుతూ ఉండగానే యాక్సిల్‌ను చాసిస్‌కు కలిపే ఆర్మ్‌ల బోల్టులు బిర్రుగా బిగించేస్తే, బండి నేల మీదకు దిగగానే లోపలి రబ్బరు బుష్షు మెలి తిరిగిపోయి అలాగే ఉండిపోతుంది. కొద్ది నెలల్లోనే చిట్లుతుంది. తెలిసిన మెకానిక్ బోల్టులను వదులుగా పెట్టి, బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, రెండు మూడు సార్లు కుదిపి, బరువు పడ్డాక అప్పుడు బిగిస్తాడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్ కట్టలతో చేయి తిరిగినవాళ్ళకు ఇది పెద్ద విద్య కాదు. ఆ విద్యకు గుర్తింపు పత్రం ఇచ్చేవాడే లేడు.

అన్నట్టు, లేపగానే బండి కొండెక్కేస్తుందని అనుకునేవాళ్ళకు ఒక మాట. స్ప్రింగు ఎంత లేపినా గట్టి యాక్సిల్ మధ్య ఉబ్బెత్తుగా ఉన్న గేర్ల డబ్బా, అంటే డిఫరెన్షియల్, అంగుళం కూడా లేవదు. మారేడుమిల్లి నుంచి గుడిస ఎక్కే లాంటి దారిలో చక్రాల గాడులు రెండింటి మధ్య మిగిలిన మిట్టకు తగిలేది అదే. దాన్ని లేపేది టైరు ఒక్కటే. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తే లెక్క ప్రకారం డిఫరెన్షియల్ లేచేది 20 మి.మీ. ఆ టైరు రాసుకోకుండా తిరగడానికి చోటు, చాసిస్ కడుపు తగలకుండా గట్టు దాటడానికి కోణం: లిఫ్ట్ అసలు ఉపయోగం ఇంతే. ఇంతకు రెండు అంగుళాలు ధారాళం. నాలుగు అంగుళాలు అడిగేవాడికి కావలసింది బండి కాదు, వేదిక.

ఎత్తు పెరిగితే బోల్తా ప్రమాదం పెరుగుతుందని, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలో కొడతాయని, బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఈఎస్‌పీ లెక్కలు తప్పుతాయని అభ్యంతరం. నిజమే. లేపిన బళ్ళలో సగం ఔటర్ రింగ్ రోడ్డు దాటవన్నా కాదనను. కానీ ఇవన్నీ కొలవగలిగిన విషయాలు. కొలవగలిగినదానికి హద్దు పెట్టాలి, కొలిచే మనిషిని పెట్టాలి.

ఆస్ట్రేలియా చేసింది అదే. అక్కడ చాలా రాష్ట్రాల్లో సుమారు 50 మి.మీ. సస్పెన్షన్ లిఫ్ట్ వరకు ఇంజినీరు ధ్రువపత్రం అక్కర్లేదు, హద్దు దాటితే కావాలి. 1975లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఏఆర్‌బీ కంపెనీ, దాని ఓల్డ్ మ్యాన్ ఈము సస్పెన్షన్లు ప్రపంచమంతా అమ్ముడవుతున్నాయంటే, ఆ పనిని నేరంగా చూడని దేశం అండ కూడా ఉంది. మన దగ్గర అదే పని షట్టర్ సగం దించి చేయాలి.

మన ప్రభుత్వాలకు ఈ జబ్బు పాతదే. ముందు అంతా నిషేధం, తర్వాత చూసీచూడనట్టు పోవడం, చివరికి రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరణ. తెలంగాణలో 2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) చూడండి. అనుమతి లేని లేఅవుట్లు ఊరి చుట్టూ మొలుస్తున్నంత కాలం కళ్ళు మూసుకుని, ఆ తర్వాత వెయ్యి రూపాయలతో దరఖాస్తు పెట్టుకోమంటే 25 లక్షలకు పైగా వచ్చాయి. 2025లో గడువులోగా కట్టినవాళ్ళకు 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. ఎక్కువ పెట్టి అనుమతి ఉన్న లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాడు తెల్లమొహం వేశాడు. స్పేసర్ కొన్నవాడి పక్కన కిట్ కొన్నవాడి గతీ అదే. అందరూ నేరస్తులైన చోట తనిఖీ అధికారికి ఎవర్ని ఆపాలో, ఎంతకు వదలాలో తేల్చుకునే స్వేచ్ఛ వస్తుంది. రోడ్డు మీద దానికి మనం పెట్టుకున్న ముద్దు పేర్లు ఇక్కడ రాయనక్కర్లేదు.

కావలసింది ఒక పేజీ ఫారం. స్ప్రింగు, షాకబ్జర్ పార్ట్ నంబర్లు, అలైన్‌మెంట్ చేశాక కాస్టర్ రీడింగు, బ్రేకు గొట్టం పొడవు, హెడ్‌లైట్ కిరణం పడే ఎత్తు, పెరిగిన మిల్లీమీటర్లు. కింద లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకం. స్పేసర్‌కు ఆ పేజీలో గడే ఉండకూడదు. రేపు ప్రమాదం జరిగితే అడగడానికి ఒక పేరు ఉంటుంది. ఇవాళ బీమా సర్వేయరు వచ్చి షాపు బిల్లు చూస్తే, దాని మీద ‘జనరల్ సర్వీస్’ అని రాసి ఉంటుంది.