సవరణ: పేకాట ఆదాయం, నటుల సంగతి

ఆడిషన్ల మధ్య ఖాళీలో లాస్ ఏంజెలెస్ నటులు పోకర్ (పందెం కాసి ఆడే ఒక పేకాట) ఆడి ఇంటి అద్దె కట్టుకుంటారని, ఉదాహరణగా హాలీవుడ్ నటి జెన్నిఫర్ టిల్లీ పేరుతో ఇంతకుముందు రాశాను. అది చదివి కృష్ణానగర్ నుంచి ఒక తమ్ముడు "అన్నా, ఫోన్‌లో పోకర్ ఆడటానికి ఏ యాప్ మంచిది?" అని అడిగాడు. అందుకే ఈ వివరణ.

టిల్లీ 2005లో పోకర్ వరల్డ్ సిరీస్‌లో మహిళల పోటీ గెలిచిన మాట నిజమే. కానీ 1995లోనే ఆమెకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అవకాశాల కోసం తిరిగే రోజుల్లో పేకాటతో బతికిన మనిషి కాదు. ఆ ఉదాహరణ తీసేస్తున్నాను.

కాలిఫోర్నియాలో కార్డు క్లబ్బులకు లైసెన్సు ఉంటుంది. అక్కడ కూడా ప్రతి ఆటకూ క్లబ్బు తన రుసుము తీసుకుంటుంది. తోటి ఆటగాళ్లను గెలిస్తే చాలదు, ఆ రుసుమును దాటి మిగలాలి. అలా మిగిలేది కొద్దిమందికే.

మన దగ్గర సంగతి పూర్తిగా వేరు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి డబ్బు పెట్టి ఆన్‌లైన్ పోకర్ ఆడటం నిషేధం. 2025లో కేంద్రం దేశమంతటా డబ్బు ఆటల యాప్‌లను నిషేధిస్తూ చట్టం చేసింది. తమ్ముడూ, ఇంకా నడుస్తున్న యాప్ ఏదైనా కనిపిస్తే అందులో రూపాయి కూడా వేయకు. ఆడిషన్ల మధ్య సంపాదనకు డబ్బింగ్, ఈవెంట్ యాంకరింగ్ లాంటి పనుల గురించి విడిగా రాస్తాను.