కొరోవైల గురించి తిరుగుతున్న ఆ వీడియోలో నిజమెంత?

కొన్నాళ్లుగా ఒక వీడియో, దాని కింద పది లైన్ల తెలుగు వ్యాఖ్య ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో తెగ తిరుగుతున్నాయి. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: పాపువా అడవుల్లో కొరోవై అనే తెగ ఉంది. వాళ్లు 150 అడుగుల ఎత్తున చెట్ల మీద కాపురం ఉంటారు. 1974 దాకా లోకంలో తాము తప్ప వేరే మనుషులున్నారని వాళ్లకు తెలియదు. ఇప్పటికీ రాతియుగంలోనే ఉన్నారు, మనుషుల్ని తింటారు. అయినా రోగాలు, టెన్షన్లు లేకుండా, ఎవరూ తాకని అడవిలో మనకన్నా హాయిగా ఉన్నారు. వాళ్లను అలాగే వదిలేయాలి.

చదువుకున్నవాళ్లు కూడా "అద్భుతం" అంటూ దీన్ని పంపిస్తుంటే నాకు బాధగా ఉంది. ఇది బతికున్న మనుషుల గురించి, వాళ్ల పిల్లల గురించి చెబుతున్న మాట. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఊరెక్కడో తేల్చుకోవాలి. వ్యాఖ్యల్లో చాలామంది ఇది పాపువా న్యూగినీ అంటున్నారు. కాదు. న్యూగినీ ద్వీపంలో తూర్పు సగం ఆ దేశం. కొరోవైలు ఉండేది పడమటి సగంలో. ఒకప్పుడు డచ్చివాళ్ల చేతిలో ఉండి, 1963 నుంచి ఇండోనేషియా పాలనలో ఉన్న ప్రాంతం అది. అరాఫురా సముద్ర తీరం నుంచి సుమారు 150 కిలోమీటర్లు లోపలికి, నదులు, బురద నేలలు, తాటి జాతికి చెందిన సాగో చెట్ల మధ్య వాళ్ల ఊళ్లున్నాయి. 2010 జనాభా లెక్కల్లో వాళ్లు మూడు వేలకు కాస్త తక్కువగా తేలారు.

ఇక 150 అడుగుల ఇల్లు. ఆ దృశ్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఈ వీడియో పంపినవాళ్లే ఆశ్చర్యపోతారు. బీబీసీ 2011లో ప్రసారం చేసిన ఒక సిరీస్‌లో కొరోవై కుటుంబాలు వందడుగులకు పైన కట్టిన ఇంట్లోకి మారుతున్నట్టు చూపించారు. 2018లో అదే బీబీసీ ఆ ఇల్లు బయటి నుంచి వచ్చే చిత్రబృందాల కోసం కట్టించినదని, వాళ్లు నిజంగా ఉండే ఇల్లు కాదని ఒప్పుకుంది. మామూలు కొరోవై ఇల్లు నేల నుంచి 15 నుంచి 40 అడుగుల ఎత్తులో ఉంటుంది. గోడలకు సాగో మట్టలు, కప్పుకు సాగో ఆకులు, నేలకు చెట్టు బెరడు, కట్టడానికి పేము. ఎక్కడానికి గాట్లు పెట్టిన ఒక కర్ర. పొయ్యిని నేలలో వదిలిన కంత మీద పేముతో వేలాడదీస్తారు. మంట అదుపు తప్పితే ఆ పేము కోసేస్తారు, పొయ్యి మొత్తం కింద పడిపోతుంది, ఇల్లు దక్కుతుంది. నాకైతే వందడుగుల ఎత్తు కన్నా ఈ పొయ్యి ఏర్పాటే గొప్పగా అనిపించింది. వీడియోలో అది లేదు.

పైగా అందరూ ఎప్పుడూ ఆ ఇళ్లలోనే ఉండరు. 1980 ప్రాంతంలో డచ్ మిషనరీలు యానిరుమా దగ్గర ఊరు కట్టినప్పటి నుంచి నేల మీద, వరసగా ఇళ్లున్న ఊళ్లు ఒక్కొక్కటే వచ్చాయి. కొన్నాళ్లు ఊళ్లో, కొన్నాళ్లు తమ వంశం వాళ్ల అడవిలో గడిపే కుటుంబాలు చాలా ఉన్నాయి. 1990ల మొదట్లో టూరిస్టులు రావడం మొదలయ్యాక ఇంకొకటి జరుగుతోంది. టూరిస్టులు వచ్చే ముందు కొరోవైలు చొక్కాలు, నిక్కర్లు తీసేసి, వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ వేసుకోవడం. 1995 నుంచి వాళ్ల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త రూపర్ట్ స్టాష్ దీని గురించి వివరంగా రాశాడు. చూడటానికి వచ్చినవాళ్లకు ఏం కావాలో కొరోవైలకు బాగా తెలుసు. అది వాళ్లకు దొరికే కొద్దిపాటి డబ్బు సంపాదనల్లో ఒకటి.

"వేరే మనుషులున్నారని తెలియదు" అన్న మాట నిలబడదు. కొరోవైల పెళ్లిళ్లలో ఇచ్చే ఓలిలో, తగవు తీర్చుకునే పరిహారాల్లో గవ్వలు ముఖ్యం. సముద్రం గవ్వ 150 కిలోమీటర్లు లోపలికి దానంతటది నడిచి రాదు, చేతులు మారుతూ రావాలి. పక్కనే కొంబాయి, చితక్ తెగలవాళ్లు ఉన్నారు. వాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడాలూ ఉన్నాయి, దాడుల భయమూ ఉండేది. 1970లలో వాళ్లు కొత్తగా చూసింది తెల్లవాళ్లను.

రాతియుగం సంగతి. ఇనుప గొడ్డలి వాళ్లకు ఆలస్యంగా అందింది, నిజమే. కానీ పనిముట్టు రాయిదైతే మనిషి బుర్ర కూడా పాతదేనా? న్యూగినీ కొండల్లో కుక్ అనే చోట వేల ఏళ్ల కిందటే కాలువలు తవ్వి వ్యవసాయం చేశారు. ఆరేడు వేల ఏళ్ల కిందట అక్కడ అరటి పెంచిన ఆధారాలున్నాయి. యునెస్కో 2008లో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో మనం పండించే చెరకు పూర్వీకుల్ని మొదట మచ్చిక చేసింది కూడా ఈ ద్వీపం మనుషులే.

కొరోవైల సంగతే చూడండి. లెక్క చిటికెన వేలితో మొదలై చెయ్యి మీదుగా పైకెక్కి, నడినెత్తిన 13 అవుతుంది. అక్కడి నుంచి రెండో చేతి మీదుగా దిగి 25 దగ్గర ముగుస్తుంది. తిండి సాగో పిండి. మన సగ్గుబియ్యం కర్రపెండలంతో చేసేది, ఇది అసలు సాగో చెట్టుది. చెట్టు కొట్టి, బోదె చీల్చి, లోపలి గుజ్జు దంచి, నీళ్లతో కడిగి వడగడితే పిండి కిందికి దిగుతుంది. ఒక చెట్టుకు వంద కిలోలకు పైనే వస్తుంది. సాగో పురుగుల విందుకైతే చెట్లు ముందే కొట్టి, పురుగు పెరిగే రోజులు లెక్కగట్టి, చుట్టుపక్కల వంశాల వాళ్లను పిలుస్తారు.

మనుషుల్ని తినడం గురించి దాచాల్సిన పని లేదు. ఒకప్పుడు ఉండేది. రోగంతో ఎవరైనా పోతే, ఫలానా మగవాడు మంత్రం పెట్టి చంపాడని నమ్మి, వాణ్ణి శిక్షగా చంపి తిన్న సందర్భాలున్నాయి. అది ఆగిపోయి దశాబ్దాలైందని అక్కడ పనిచేసిన పరిశోధకులు చెబుతున్నారు. కథ మాత్రం టూరిస్టుల కోసం ఇంకా నడుస్తోంది. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన తెలుగు పత్రికల్లోనూ చదివాం. మనల్ని ఎవరూ రాతియుగం వాళ్లనలేదు. రోగం ఎందుకొచ్చిందో చెప్పే డాక్టరు దగ్గర్లో లేనప్పుడు అనుమానం పక్కింటివాడి మీదికే పోతుంది.

అసలు నాకు కోపం తెప్పించింది "రోగాలు లేకుండా హాయిగా" అన్న మాట. ఆ ప్రాంతంలో మలేరియా, క్షయ, బోదకాలు, చర్మ రోగాలు, పిల్లల్లో రక్తహీనత మామూలు. వైద్యం అందాలంటే మిషన్ రన్‌వే మీద దిగే చిన్న విమానం రావాలి, లేదా మోటారు పడవలో నది మీద రోజుల తరబడి పోవాలి. పక్కనున్న అస్మత్ జిల్లాలో 2017 చివర, 2018 మొదట్లో తట్టు, పోషకాహార లోపం కలిసి 60 మందికి పైగా పిల్లల్ని పొట్టన పెట్టుకున్నాయి. తట్టుకు టీకా ఉంది. అది సమయానికి ఆ ఊళ్లకు చేరలేదు. "వాళ్లనలా వదిలేయాలి" అనేవాళ్లు ఈ పిల్లల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఊళ్లకు నర్సు కావాలి, రోజూ బడికొచ్చే టీచరు కావాలి. అడవీ కావాలి. ఈ మూడింట్లో ఒకటి పుచ్చుకుంటే మిగతావి వదులుకోవాలని ఎవరు చెప్పారు?

చివరిది, ఎవరూ తాకని అడవి. 1990ల నుంచే అగరు చెక్క కోసం వ్యాపారులు వచ్చారు. 2018 నాటికి కొరోవై నేలలోనే డైరాం నది వెంట అక్రమ బంగారు తవ్వకాలు మొదలయ్యాయి, బంగారం వేరు చేయడానికి వాడే పాదరసం నీళ్లలోకి చేరుతుందన్న భయం వచ్చింది. దిగువన, బోవెన్ డిగుల్ జిల్లాలో ఆవ్యు తెగవాళ్ల అడవిలో 36 వేల హెక్టార్లు, అంటే దాదాపు 90 వేల ఎకరాలు, పామాయిల్ తోటకు ఒక కంపెనీకి రాసిచ్చారు. ఆవ్యుల్లో వోరో వంశానికి చెందిన హెన్‌డ్రికుస్ వోరో కోర్టుకెక్కాడు. 2023 నవంబరులో పాపువా రాజధాని జయపురలోని కోర్టు ఆ కేసు కొట్టేసింది. 2024 మేలో ఆవ్యులు తమ సంప్రదాయ వేషంలో జకార్తాలో సుప్రీంకోర్టు ముందు నిలబడ్డారు. అప్పుడు 'ఆల్ ఐస్ ఆన్ పాపువా' అన్న పోస్టు మన ఫోన్లలోకీ వచ్చింది, చాలామంది షేర్ చేశారు. ఆ ఏడాదే సుప్రీంకోర్టు కూడా వాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చెప్పిన కారణం, కేసు 90 రోజుల గడువు దాటాక వేశారని. నది మీద పడవలో జిల్లా కేంద్రానికి పోయి, ఎవరో సంతకం పెట్టిన అనుమతి కాగితం ఎక్కడుందో వెతుక్కుని, లాయరును పట్టుకునేలోపే ఆ 90 రోజులూ అయిపోతాయి.