తొడిమ చేతికొచ్చింది

1750ల్లో ఇంగ్లండులో డబ్బున్నవాళ్లకి పింగాణీ ఆకుల పిచ్చి పట్టింది, అంటే ఆకు ఆకారంలో చేసిన పళ్లాల పిచ్చి. ద్రాక్షాకు, స్ట్రాబెర్రీ ఆకు, క్యాబేజీ ఆకు... పెరట్లో ఊరికే దొరికేవాటినే చెల్సీ, బో, వూస్టర్ కార్ఖానాల్లో అచ్చుపోసి, కొలిమిలో కాల్చి, రంగులేసి అమ్మేవారు. స్టాఫర్డ్‌షైర్‌లోని లాంగ్టన్ హాల్ కార్ఖానా వాళ్లకైతే ఆకులే ప్రాణం. పాపం, కొలిమిలోంచి సరుకు చాలాసార్లు వంకరగానే బయటికొచ్చేది. 1760లో దుకాణం కట్టేశారు. మన విస్తరాకైతే తిని, మడిచి, అవతల పారేస్తాం. ఈ ఆకుని కడిగి, తుడిచి, బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి!

అలాంటి ఓ ఇంట్లో విందు ఊహించుకోండి. అప్పటి పద్ధతి ప్రకారం వంటకాలన్నీ ఒకేసారి బల్లమీద పరిచేస్తారు. అందింది వడ్డించుకోవాలి, అందనిది పక్కవాళ్లని అడగాలి. నడిమధ్య మాంసాలు. మూలల్లో అరచేతిలో ఇమిడేంత ద్రాక్షాకులు, వాటి నిండా వాల్‌నట్ ఊరగాయ. కారం లేదు, నూనె లేదు, నల్లగా వెనిగర్ ఓడుతూ ఉంటుంది.

ఓ పెద్దమనిషికి దాని మీద మనసైంది. "అమ్మగారూ, ఆ ఆకు కాస్త ఇటిస్తారా?" అన్నాడు విగ్గు సర్దుకుంటూ. పక్కావిడ అందించింది. ఆయన తొడిమ పట్టుకున్నాడు. తొడిమ ఉన్నదే పట్టుకోవడానికని ఎవరైనా అనుకుంటారు. చేసినవాడు మాత్రం పట్టుకునేవాణ్ణి కాదు, చూసేవాణ్ణి దృష్టిలో పెట్టుకున్నాడు.

టిక్కుమంది. తొడిమ ఆయన వేళ్ల మధ్య, ఆకు బల్ల మీద. ఓ వాల్‌నట్ మాత్రం తెల్లటి బల్లగుడ్డ మీద నల్లటి చార గీసుకుంటూ దొర్లి, పాదిరిగారి ఒళ్లో పడింది. పాదిరిగారు దాన్ని చూడనట్టే ఉండిపోయారు. మిగతావాళ్లంతా వాన గురించి తెగ మాట్లాడేశారు.

"అబ్బే, ఏం పర్లేదండీ" అంది ఇంటావిడ, పళ్లు బిగించి.

ఈ సందట్లో ఆయన తొడిమని మెల్లగా కోటు జేబులోకి జారవిడిచాడు. కాసేపటికి నౌకరు వెనకనుంచి వంగి, చెవిలో గొణిగాడు: "అయ్యా, ఆ ముక్క ఇప్పిస్తే... అతికించేవాడు అడుగుతాడు."

పింగాణీ బాగుచేసేవాళ్లు రెండు ముక్కలకీ సన్నటి బెజ్జాలు వేసి, లోహపు కొక్కేలతో బిగించేవారు. ఆకుకి అలాగే కుట్లు పడ్డాయి. మళ్లీ విందుకి ఆయనకీ పిలుపొచ్చింది. ఆయన ముందు మాత్రం సీసపు రంగు ప్యూటర్ (తగరపు మిశ్రమలోహం) గిన్నె పెట్టారు.