పాట లేని మృదంగ పరీక్ష

ప్లస్‌టూ అయ్యాక పిల్లాడు మృదంగంలో డిగ్రీ చేస్తానంటే చెన్నైలోని తెలుగు ఇళ్లలో మొదట వినిపించే మాట, "ఆ తర్వాత ఏం చేస్తావురా?" అని. తల్లిదండ్రుల టెన్షన్‌ను తప్పుపట్టలేం. అయితే కాలేజీని అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ మూడేళ్లలో మా వాడు ఎంతమంది పాటకు వాయిస్తాడు?

రెండున్నర గంటల కచేరీలో తని ఆవర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యాలే వినిపించే భాగం, పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. మిగతా సమయమంతా మృదంగం పని సహకారమే, అంటే పాటకు తోడుగా వాయించడమే. తరగతి గదిలో మాత్రం ఈ లెక్క చాలాచోట్ల తిరగబడుతుంది. పాఠమంటే జతులు, మోహరాలు, కోర్వైలు వంటి లెక్కకట్టిన వాయింపు వరసలు. పరీక్షంటే ఎగ్జామినర్ ఎదుట ఒంటరిగా కూర్చుని ఆదితాళంలోనో మిశ్రచాపులోనో తని వాయించడం. పక్క గదిలో గాత్రం విద్యార్థులు ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని మృదంగం లేకుండానే పాడుకుంటూ ఉంటారు. మధ్యలో ఉన్నది ఒక్క గోడే!

దీనివల్ల జరిగే నష్టం దేశాది తాళం దగ్గర బయటపడుతుంది. త్యాగరాజ కృతులు ఎన్నో ఈ నడకలో ఉన్నాయి. వీటిలో పాట సమం (తాళం చుట్టులో మొదటి దెబ్బ) మీద మొదలవదు, ఒకటిన్నర దెబ్బ దాటాక ఎత్తుకుంటుంది. దెబ్బకు నాలుగు మాత్రల చొప్పున చూస్తే ఆరు మాత్రల జాగా. వాయింపును ముగించే వరస అయిన ముక్తాయింపు కూడా సమం మీద కాక, ఆ ఎత్తుగడ మీద వచ్చి వాలాలి. ఆరు మాత్రలు కలుపుకోవడం ఎవరైనా నోట్‌బుక్‌లో రాసుకుని నేర్చుకోవచ్చు. కానీ గాయకుడు చరణంలో ఒక పాదం పట్టుకుని, దాన్నే రకరకాలుగా మార్చి పాడే నెరవల్ మొదలుపెడితే? ఆ పాదం ఎత్తుగడ వేరు కావచ్చు. ఎక్కడ ఎత్తుకుంటున్నాడో ఆయన చెప్పడు, చెప్పే వీలూ లేదు. మాట ఎక్కడ విరుగుతుందో, ఏ దీర్ఘాన్ని సాగదీస్తాడో తెలిసినవాడి చెయ్యి అక్కడ దానంతటదే తగ్గుతుంది. తెలియనివాడు ఆ దీర్ఘం నిండా ఫరన్లు (వేగమైన దెబ్బల వరసలు) కుమ్మేస్తాడు. సభలో ముందు వరసలో కూర్చున్నవారికి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

అందుకే మృదంగం విద్యార్థికి సాహిత్యం కూడా పాఠమే అంటున్నాం. చెన్నై సభల్లో వినిపించే కృతుల్లో తెలుగు ఎంత ఉందో వేరే చెప్పక్కర్లేదు. మన పిల్లలకు ఇంట్లో మాట్లాడే భాష కాబట్టి ఇది సులువు కావాలి. కానీ చాలామంది కృతిని తమిళ లిపిలోనే చదువుకుంటారు, అందులో క, గలకు ఒకే అక్షరం! మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది. నగరంలోని సంగీత కళాశాలలు అడిగితే వారానికి ఒక గంట సాహిత్య పాఠం చెప్పించుకోవడం అంత కష్టమేమీ కాదు.

మృదంగం గురుకులంలోనే వస్తుంది, యూనివర్సిటీల్లో రాదు అనేవారు ఉన్నారు. ఈ మాటను మేం సగమే ఒప్పుకుంటాం. మృదంగ విద్వాంసుడు తిరుచ్చి శంకరన్ 1971 నుంచే టొరాంటోలోని యార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. గురుకులంలో నిజంగా దొరికేది మరొకటి ఉంది. శిష్యుడు వేదిక మీద గురువు వెనకాల కూర్చుని పాట వినేవాడు. 1966లో చెన్నై మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్న తొలి మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్. ఆయన పేరు చెప్పగానే రసికులు లెక్కల కంటే ముందు తలుచుకునేది పాటను ఆయన అనుసరించిన తీరునే. ఆ వినికిడిని కాలేజీ కూడా ఇవ్వగలదు. గాత్రం, మృదంగం విద్యార్థులకు వారంలో రెండు రోజులు ఉమ్మడి తరగతి పెడితే చాలు. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టులూ అక్కర్లేదు.

పరీక్షను మార్చకపోతే మాత్రం ఈ తరగతులకు ఎవరూ రారు. మార్కులు లేని క్లాసు గతి ఏమిటో అందరికీ తెలుసు. కనుక ప్రాక్టికల్స్‌లో సగం మార్కులు సహకారానికే ఇవ్వాలి. అభ్యర్థికి ముందుగా చెప్పని కృతి ఒకటి, అందులో నెరవల్, కొన్ని ఆవర్తాల (తాళం చుట్ల) స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం, ఉండాలి. పాడేది గాత్రం విద్యార్థే కావాలి, వారికీ అది పరీక్షగానే లెక్కకు రావాలి. తనిని తీసేయమని మేం అనడం లేదు, ఆ కృతి వెంటే దాన్నీ వాయించనివ్వండి. పాఠ్యాంశాలు నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ తలుచుకుంటే వచ్చే విద్యా సంవత్సరం సిలబస్‌లోనే ఈ మార్పు తేవచ్చు.